తెల్లవారితే శుక్రవారం

2009 జనవరి ఆఖరులో, మాఘమాసం పెళ్ళిళ్ళు మొదలయ్యే ముందు, మా కంపెనీ నన్ను విశాఖపట్నం నుంచి నర్సీపట్నం పంపింది. అప్పటికి నా హోదా ప్రాజెక్ట్ లీడ్. అంటే ప్రోగ్రాం రాసేది నా కింద పనిచేసేవాళ్ళు, అది మొరాయిస్తే బస్సెక్కేది నేను. తొంభైల్లో కోబాల్ అనే పాత కంప్యూటరు భాషలో జీతాల బిల్లులు రాసి, నలభై దాటాక రూబీ ఆన్ రైల్స్ నేర్చుకున్నదాన్ని. వెబ్‌సైటుకు కావలసిన సరంజామా అంతా ముందే అమర్చి ఇచ్చే చట్రం అది. సగం పని అదే చేసిపెడుతుంది. మిగతా సగంలో మన తెలివి చూపిస్తాం, తగువులన్నీ అక్కడే వస్తాయి.

నర్సీపట్నంలో ఒక కల్యాణ మండపానికి మేం బుకింగ్ సాఫ్ట్‌వేర్ చేసిపెట్టాం. దాని మేనేజరు ఇస్సాకు గారు. మిషన్ చర్చి కుటుంబం, ఆదివారం కోయిర్‌లో పాడేవారు. మిగతా ఆరు రోజులూ హిందువుల ముహూర్తాలు పురోహితుల కంటే గడగడా చెప్పేవారు. చర్చి పెళ్ళివారికి హాలు పగలు పది గంటలకు కావాలి, మిగతావారికి పంచాంగం ఎప్పుడు చెబితే అప్పుడు. ఇద్దరినీ సంతోషపెట్టడమే తన ఉద్యోగం అనేవారు.

నేను ఆటో దిగీ దిగకముందే అందుకున్నారు.

"ఏటండి మేడంగారూ, ఖాళీగా ఉన్న శుక్రవారాన్ని పట్టుకుని నిండిపోయినాదంటాదేటి మీ కంప్యూటరు? మా చర్చివోళ్ళ పెళ్ళి రాయనివ్వట్లేదు. మొన్నటిదాకా బుద్ధిగానే ఉండేది కదా!"

ఈ వృత్తిలో 'మొన్నటిదాకా' అన్న మాట వినబడితే చెవులు రిక్కించాలి. తప్పు ఎక్కడుందని వెతికేముందు, ఈమధ్య ఏం మార్చామని వెతకాలి. అయినా ముందు చిన్న ఫిర్యాదులు తీర్చేద్దామని కూర్చున్నాను. నెలవారీ పేజీ తెరుచుకోవడానికి ఒక కాఫీ తాగేంత సేపు పడుతోంది. లాగ్ తెరిచి చూస్తే, అంటే ప్రోగ్రాం తను చేసిన ప్రతి పనీ రాసుకునే ఫైలు చూస్తే, ఒక్కో పెళ్ళికి ఆ కుటుంబం పేరు కోసం విడిగా డేటాబేసు దగ్గరికి పరుగెడుతోంది. సంతకు వెళ్ళి ఉల్లిపాయలు తెచ్చి, మళ్ళీ మిరపకాయల కోసం వెళ్ళినట్టు. రైల్స్ నేర్చుకున్న ప్రతివాళ్ళూ మొదట చేసే పొరపాటు ఇదే. కావలసినవన్నీ ఒకేసారి తెమ్మని 'ఇన్‌క్లూడ్' అన్న ఒక్క మాట చేరిస్తే పోతుంది. పేజీ టక్కున తెరుచుకునేసరికి ఇస్సాకు గారు అనుమానంగా చూశారు. "ఇంత బేగి వచ్చీసినాదంటే అన్నీ వచ్చినాయంటారా?" అన్నారు.

ఇక శుక్రవారం సంగతి. రైల్స్ వేళలను డేటాబేసులో మన గడియారం ప్రకారం దాచదు, ప్రపంచమంతటికీ ఉమ్మడిగా ఉండే యుటిసి లెక్కలో దాస్తుంది. అది మనకంటే అయిదున్నర గంటలు వెనక. తెర మీద చూపేటప్పుడు మన వేళకు మార్చి చూపిస్తుంది కాబట్టి మనకు తెలియదు. కానీ "ఈ ముహూర్తం ఏ తేదీది?" అని నేరుగా డేటాబేసునే అడిగితే, అది యుటిసి తేదీ చెబుతుంది. ఒకే తేదీకి రెండు బుకింగులు పడకుండా చూసే మా పాత కోడు సరిగ్గా అలాగే అడిగేది. మా టీములో చురుకైన ప్రోగ్రామర్ కిరణ్ అంతకుముందు నెలలో అది పట్టుకుని, తేదీని మన వేళకు మార్చి పోల్చేలా సరిదిద్దాడు. ఏ పుస్తకం చూసినా అదే ఒప్పు. మేమంతా శెభాష్ అన్నాం.

ఒప్పు చేశాక ఎందుకు చెడింది? హాలు మీరు ఎప్పటినుంచి ఎప్పటిదాకా ఇస్తారని ఇస్సాకు గారిని అడిగాను.

"ఇందులో అడగడానికేటుందండి? తెల్లారి ఇస్తాం, మర్నాడు తెల్లారి గిన్నెలు కడిగీసినాక తీసుకుంటాం."

ఇస్సాకు గారు ఎదురుగా తెరిచి పెట్టిన, ఆ వారం మరో పెళ్ళి శుభలేఖ చూడగానే నాకు వెలిగింది. అందులో 'గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారం, మూడు గంటలకు' అని ఉంది. గడియారానికి అది శుక్రవారం. పెళ్ళివారికీ హాలుకూ అది గురువారం రాత్రే, ఎందుకంటే మనకు రోజు మారేది సూర్యుడితో. యుటిసిలో అర్ధరాత్రి అయ్యేసరికి మనకు ఉదయం అయిదున్నర. అంటే మా పాత తప్పుడు కోడు, ఎవరూ చెప్పకుండానే, పంచాంగం పాటిస్తూ వచ్చింది! కిరణ్ దాన్ని దిద్ది గడియారానికి కట్టేశాడు. దాంతో తెల్లవారుజాము మూడింటి పెళ్ళి శుక్రవారం ఖాతాలో పడి, ఆ పగటి చర్చి పెళ్ళికి అడ్డు నిలిచింది.

నాకు నవ్వాగలేదు. అంతలోనే ఆగింది. ఖాళీ రోజును నిండినట్టు చూపిందంటే, నిండిన రాత్రిని ఖాళీగా కూడా చూపి ఉండాలి. వెతికితే ఫిబ్రవరిలోనే మరో వారం అలాంటి రాత్రి దొరికింది. ఒకే గురువారం రాత్రి తొమ్మిదింటికి బలిఘట్టం వారి పెళ్ళి, తెల్లవారితే శుక్రవారం మూడింటికి మాకవరపాలెం వారి పెళ్ళి. కంప్యూటరు దృష్టిలో వేర్వేరు తేదీలు. ఉన్నది ఒక్క హాలు, ఒక్క వంటిల్లు, ఒక్క విడిది. శుభలేఖలు ఇరువైపులా పంచేశారు.

నాకు నిజంగా భయం వేసింది. కోడు వెనక్కి తీసుకోవచ్చు, శుభలేఖ తీసుకోలేం.

ఆ సాయంత్రమే కిరణ్‌కు ఫోన్ చేసి పాత కోడు పెట్టించి, చర్చి పెళ్ళి రాయించాను. మర్నాడు రెండు వైపుల పెద్దలనూ పిలిపించాం. మాకవరపాలెం పెళ్ళికూతురి తండ్రి అప్పలనాయుడు గారు చెరకు రైతు. విషయమంతా విని నా వైపు తిరిగి, "కంప్యూటరు తప్పు సేసినాదని మా పిల్ల పెళ్ళి రోడ్డు మీద సెయ్యమంటారేటండి?" అన్నారు. బలిఘట్టం వైపు పెద్ద సన్యాసిరావు గారు, ముహూర్తం కదిలే ప్రసక్తే లేదని ముందే తేల్చేశారు.

అప్పుడు ఇస్సాకు గారు లేచి, హాలు వెనకాలే ఉన్న తన ఇల్లు మాకవరపాలెం వారికి విడిదిగా ఇస్తానన్నారు. పొయ్యిలు తన పెరట్లో తవ్వుకోమన్నారు. ఇంట్లో ఆవిడను అడిగారా అని నేను నెమ్మదిగా అంటే, "అడిగితే వద్దంటాదని అడగలేదండి" అన్నారు. ఆ మాటకు అప్పలనాయుడు గారు నవ్వేశారు. బరువు సగం దిగింది. అర్ధరాత్రికల్లా మండపం ఖాళీ చేస్తామని, అప్పగింతలు ఇంటి దగ్గర పెట్టుకుంటామని సన్యాసిరావు గారు ఒప్పుకున్నారు. తీరా అంతా కుదిరాక పూల దగ్గర పేచీ వచ్చింది. ఒకరికి బంతిపూలు, ఒకరికి మల్లెలు. చివరికి బంతిపూలు తమ తోటవేనని, రెండు పెళ్ళిళ్ళకూ చాలినన్ని పంపుతానని, ఎవరిది వారు కట్టుకుని విప్పుకునే శ్రమ ఎందుకని అప్పలనాయుడు గారే తేల్చారు.

రెండు పెళ్ళిళ్ళూ ఒకే బంతిపూల పందిరి కింద సలక్షణంగా జరిగాయి. రెండింటికీ నన్ను పిలిచారు. పిలవకపోయినా వెళ్ళేదాన్ని, అంత ఆత్రం. రాత్రి బలిఘట్టం వారి పులిహోర తిన్నాను. మూడింటి పెళ్ళిలో తలంబ్రాలు అయ్యాక అప్పలనాయుడు గారు నన్ను వెతుక్కుంటూ వచ్చి, చేతిలో ఉప్మా పళ్ళెం పెట్టారు. "తినండమ్మా. తెల్లారిపోనాది. మీ కంప్యూటరుకి సెప్పండి, ఇప్పుడయ్యింది శుక్రారం."

విశాఖ వెళ్ళి కిరణ్‌తో కూర్చున్నాను. ప్రతి బుకింగుకూ 'హాలు రోజు' అని విడిగా ఒక గడి పెట్టాం. అది ఉదయం అయిదున్నరకు మారుతుందని కోడులో తేటగా రాశాం. ఒక హాలు రోజుకు ఒక్క బుకింగే ఉండాలన్న కట్టడి ప్రోగ్రాంలోనే కాక డేటాబేసులోనూ పెట్టాం, ఎందుకంటే ఇద్దరు ఒకేసారి బటన్ నొక్కితే ప్రోగ్రాం ఇద్దరికీ సరే అనగలదు, డేటాబేసు అనదు. గురువారం తొమ్మిది, శుక్రవారం మూడు, ఈ రెండు వేళలూ ఒకే హాలు రోజుకు వస్తున్నాయా అని తనే సరిచూసుకునే ఒక టెస్టు రాసి, కోడు మార్చిన ప్రతిసారీ అది నడిచేలా చేశాం.

"మేడం, ఇది పాత తప్పు చేసిన పనే కదా?" అన్నాడు కిరణ్. పనైతే అదే. అప్పుడు అయిదున్నర అన్నది ఎవరూ రాయకుండా నడిచింది, ఇప్పుడు మేం రాశాం. తర్వాత వచ్చేవాడు దిద్దబోతే టెస్టు ఆపుతుంది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఒక పద్ధతి మానలేదు. కోడులో తప్పు కనబడగానే చెయ్యి వేసేదాన్ని కాదు. ఇన్నాళ్ళూ ఆ తప్పు మీద ఎవరి పని నడుస్తోందో ముందు వెళ్ళి అడిగేదాన్ని.