ముసుగు దొరల గొంతు

డెస్మండ్ హార్‌గ్రీవ్ నాటింగ్‌హామ్‌లో బస్సు నడుపుతాడు. ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం ఆటబొమ్మల దుకాణం వెనక గదిలో బల్ల ముందు కూర్చుని ఓ చీకటి నగరాన్నే నడిపిస్తాడు. అదొక కథల ఆట. పాచికలు వేసేది మిగతావాళ్లు, కథ చెప్పేది ఆయన. దొరలు, దొంగలు, దెయ్యాలు, అందరి గొంతులూ ఆయనవే. ఆ గొంతుల సంగతిలో ఆయనకు గర్వం కాస్త ఎక్కువే, దాచుకోవడం కూడా చేతకాదు.

ఈసారి ఆయన కల్పించిన దుర్మార్గులు ముసుగు దొరలు. పగలంతా సభల్లో న్యాయం గురించి మాట్లాడి, చీకటి పడగానే ముసుగులేసుకుని దొంగల్ని పడతామంటూ బయల్దేరే ఘరానా మనుషులు. వాళ్ల కన్నంతా బీదల ఇళ్ల మీదే. ఇల్లు నచ్చితే చాలు, ఇంటివాడు దొంగ అయిపోతాడు. అలాంటి పెద్దమనుషులంటే డెస్మండ్‌కు చిన్నప్పట్నుంచీ ఒళ్లు మంట. వాళ్ల బండారం బయటపెడుతున్నానని, తాను బీదల పక్షమని ఆయన గట్టి నమ్మకం.

ఆ వారం టెస్సా అనే అమ్మాయి కొత్తగా వచ్చింది. అప్పటికే ఇద్దరు మానేశారు. ఈమె కూడా నిలవకపోతే ఆట మూసుకోవాల్సిందే. అందుకని డెస్మండ్ ఆ రోజు తన ప్రతాపమంతా చూపించాలనుకున్నాడు.

దొరలు ఒక ముసలి చెప్పులు కుట్టేవాణ్ణి ఉరికంబం దగ్గరికి ఈడ్చుకొచ్చారు. డెస్మండ్ అతని పాత్రకు గుర్తుగా ఉండే చిన్న బొమ్మను బల్ల మధ్యలో నిలబెట్టి, లేని టోపీ అంచు తడుముకుని, మెడ ముందుకు చాచాడు.

“క్ష... క్ష... క్షమించండి, దొ... దొ... దొరగారూ...”

పాత ఆటగాడు రౌలీ పడీపడీ నవ్వాడు. “ఎక్కడ పట్టావురా వీణ్ణి?”

“నా బస్సులోనేరా. రోజూ ఆస్పత్రి దగ్గర ఎక్కుతాడు. ఎక్కడికెళ్లాలో చెప్పడానికి నోరు తిరిగేలోపు నేను రెండు స్టాపులు దాటించేస్తా.”

రౌలీ కప్పులో టీ ఒలికింది. టెస్సా నవ్వలేదు.

“నీలం ఉన్ని టోపీ పెట్టుకుంటాడా?” అని అడిగింది.

“అవునమ్మా. నీకూ తెలుసా?”

“మా నాన్న.”

డెస్మండ్‌కు చెవులు వేడెక్కాయి. పోయిన గురువారం ఆ ముసలాయన స్టాపు పేరు చెప్పలేక గింజుకుంటుంటే, వెనకవాళ్లతో కలిసి తానూ నవ్విన సంగతి గుర్తొచ్చింది. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. బొమ్మను తీసెయ్యబోయాడు.

టెస్సా దాని నెత్తిన వేలు పెట్టింది. ఆ బల్ల దగ్గర అదొక ఆచారం. బొమ్మ మీద ఎవరు వేలు పెడితే ఆ పాత్ర వాళ్లది. కథ చెప్పేవాడు కూడా కాదనకూడదు. వచ్చినప్పుడు ఆమెకు ఆ సంగతి చెప్పింది డెస్మండే.

“నేనేం దొంగిలించలేదు దొరా,” అందామె, ఎక్కడా తడబడకుండా. “మీకు నా ఇల్లు కావాలి. అడగడానికి మొహం చెల్లక ముసుగేసుకొచ్చారు.”

ఇక దొర జవాబు చెప్పాలి. ‘ఏదీ, ఇంకోసారి నత్తి లేకుండా చెప్పు’ అని దొర చేత అనిపించాలని డెస్మండ్ పొద్దున్నే అనుకుని వచ్చాడు. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటేనే రోత పుట్టింది. దొర గొంతు కోసం ఇన్నాళ్లూ ఎక్కడా వెతుక్కోనక్కర్లేకపోయింది, అది తన దగ్గరే ఉంది.

“నీ దొర మాట్లాడడేంరా?” అన్నాడు రౌలీ మెల్లగా. తల ఎత్తకుండా ఒలికిన టీ తుడుస్తున్నాడు.

“నన్ను క్షమించమ్మా,” అన్నాడు డెస్మండ్, తన సొంత గొంతుతో.

“నాకెందుకు చెప్తారు?” టెస్సా వేలు తీయలేదు. “ఇంట్లో ఆయన శుభ్రంగా మాట్లాడతాడు. మీ బస్సెక్కితేనే ఆ బాధ. రేపు ఆయన నోరు తెరిచినప్పుడు, మాట పూర్తయ్యేదాకా బండి కదపకండి.”