అమ్మ నలుపు

అమ్మ పోయాక ఫోటో పెద్దది చేయించడానికి అక్క కాకినాడలో స్టూడియోకి వెళ్తే, అడక్కుండానే వాళ్లు అమ్మని తెల్లగా చేసి ఇచ్చారు. మా వైపు పోయినవాళ్లందరికీ ఆ మర్యాద జరుగుతుంది. దండ వెనక ఆ ముఖం చూస్తే నాకు ఒళ్లు మండేది. అమ్మది చామనచాయ కూడా కాదు, నలుపు. ఆ నలుపుతోనే అమ్మ బొమ్మ వెయ్యాలన్న పంతంతో, సిడ్నీలో చదువుకునే రోజుల్లో, శనివారాలు పారమట్టాలో ఆయిల్ పెయింటింగ్ క్లాసులో చేరాను.

నేర్పే ముసలావిడ మొండిఘటం. సొంత బొమ్మ వెయ్యనివ్వలేదు. తెల్లటోపీ పెట్టుకున్న ఒక వృద్ధురాలి పాతకాలపు యూరప్ చిత్రం, దాని ప్రింటు చేతికిచ్చి నకలు తియ్యమంది. ముందు మొత్తం బూడిదరంగులోనే వెయ్యాలి. అది ఆరాక పల్చగా ఒక పొర, అదీ ఆరాక ఇంకో పొర. చలికాలం, రంగు ఆరి చావదు. గిరావీన్‌లో మా అద్దె ఇంటి గరాజ్‌లో దాన్ని గోడకి ఆనించి ఉంచితే, రూమ్మేట్ ఏడిపించేవాడు.

"ఈ మామ్మెవర్రా, పర్మనెంట్‌గా సెటిలైపోయింది? మనకే ఇంకా పీఆర్ రాలేదు!"

నవ్వేవాణ్ణి గానీ లోపల దిగులు. ఆ మామ్మ చెంపల కింది పచ్చఛాయ, రెప్పల ఎరుపు అన్నీ పట్టుబడుతున్నాయి. కళ్లు మూసుకుంటే మాత్రం అమ్మకి బదులు స్టూడియో ఫోటోయే వస్తోంది.

నకలు పూర్తయ్యాక అమ్మని మొదలుపెట్టాను. కళ్లూ ముక్కూ ఫోటోలోంచి తీసుకున్నాను. రంగు నా ముంజేతిది. "నా రంగు వీడికొచ్చింది, పాపం" అనేది అమ్మ. అక్కది నాన్న తెలుపు. కిటికీ వెలుతురులో చెయ్యి పెట్టుకుని, గోధుమరంగులో నీలం, ఎరుపు కలుపుతూ ఆ ఛాయ పట్టాను. ఒక సాయంత్రం అమ్మ వచ్చేసింది. అక్కడే నిలబడి ఏడ్చాను.

వీడియో కాల్ చేసి అక్కకి చూపించాను. అక్క ఫోన్ దగ్గరికి లాక్కుని చూసింది.

"ఎవర్రా ఇది?"

"అమ్మ."

"అమ్మ ఇంత నల్లగా ఎప్పుడుందిరా? నీకసలు గుర్తుందా?"

గొంతులో కోపం లేదు. నిజంగానే తనకి గుర్తులేదు. రోజూ ఆ ఫోటోకి దీపం పెట్టేది తనే. అమ్మ ఎలా ఉండేదో తెలిసినవాణ్ణి ఇక నేనొక్కణ్ణే అని అర్థమైంది.

"ఇక్కడ లైటింగ్ సరిగ్గా లేదులే అక్కా," అన్నాను.

"అదే అనుకున్నా," అని అక్క తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.