మచ్చలు చూసి తెచ్చిన దూడ

నోరు జారి కుదిరిన పెళ్లిళ్లు చెడగొట్టినవాళ్లను మీరు చూసి ఉంటారు. ఒక బక్కదూడను చూసి నోరు జారి, కాపురానికొచ్చిన ఏడాదిలోపే అత్తవారి ఊరంతటికీ ఉచిత వినోదంగా మారిన కోడలిని మాత్రం చూసి ఉండరు. ఆ కోడలిని నేనే. నవ్వొద్దని మిమ్మల్ని అడగను. అడిగితే మా ఊళ్లో ఎవరు విన్నారు గనక!

నేను పుట్టి పెరిగింది అరసవల్లిలో. మా వీధిలో ఆవంటే అరటిపండు పెట్టి, వీపు తాకి, కళ్లకద్దుకుని వచ్చేసే ప్రాణి. పెళ్లయి శ్రీకాకుళం అవతలి పల్లెకు వచ్చాకే దానికి పేడ కూడా ఉంటుందని తెలిసింది. ఆ వేసవిలో మా అత్త అప్పలనరసమ్మ పెంచుకున్న ముసలావు చచ్చిపోయింది. అప్పట్నుంచీ ఇంట్లో ప్యాకెట్ పాలే. ఆ పాలతో కాచిన టీని అత్త కషాయం తాగినట్టు తాగేది.

"ఇవి పాలేటే? పాలకి దూరపు సుట్టాలు!"

గరివిడి దగ్గర పల్లెలో ఉండే ఆమె అన్నయ్య, సింహాచలం పెదమావ, ఆ బాధ విని ఫోన్ చేశాడు. "నా కాడ రెండు పెయ్యదూడలున్నాయి. నీకు నచ్చినది తోలుకుపో, సెల్లీ."

అత్తా, మా ఆయన సూరిబాబూ, నేనూ ట్రాలీ ఆటో మాట్లాడుకుని వెళ్లాం. అప్పటికి నెల రోజులుగా వంట మాడుతున్నా పట్టించుకోకుండా ఫోన్లో పాడిపశువుల వీడియోలు చూస్తున్నాను. తెలిసింది గోరంత, చెప్పాలన్న దురద కొండంత.

పెరట్లో రెండు దూడలు. ఒకటి ఎర్రది, నున్నగా, బొద్దుగా, పెళ్లివారి పిల్లలా ఉంది. రెండోది గోడవార కట్టేసి ఉంది. ఎముకల గూడు మీద ఎవరో తడిబట్ట ఆరేసి మరిచిపోయినట్టుంది. కానీ ఆ నల్లటి ఒంటి మీద, ఆహా, తెల్లటి మచ్చలు!

"ఎర్రది బాగున్నాది. అదే తోలుకుపోదాం," అంది అత్త.

"ఆగండత్తా! ఆ మచ్చలు చూడండి. అది హెచ్ఎఫ్. నలుపూ తెలుపూ కలిసిన సీమావు జాతి. ఈనిందంటే మనింట్లో బిందెలు చాలవు."

"మరీ బక్కసిక్కిపోనాది కదే."

"పాలజాతి అలాగే ఉంటుందత్తా. తిన్నదంతా పాలకే పోతుంది, ఒంటికి పట్టదు."

"అది ఇంకా ఈనలేదు కదే," అన్నాడు సూరిబాబు. "పాలెక్కడికి పోతన్నాయి?"

ఇలాంటి చిల్లర ప్రశ్నలకు నిపుణులు జవాబివ్వరు. నేనూ ఇవ్వలేదు.

పెదమావ గొంతు సవరించుకున్నాడు. "అది కాదమ్మా, ఆ మచ్చలు... నిన్ననే గోడకి..."

"గోడ సంగతి తర్వాత చూద్దాం మావయ్యా. దీని తల్లిది ఏ రంగు?"

"నలుపే. అందుకే సెప్తన్నాను, ఆ గోడకి..."

"చూశారా! నలుపు తల్లిది, తెలుపు తండ్రిది. ఇంకేం కావాలి?"

పెదమావ రెండు చేతులూ ఎత్తేశాడు. "సదువుకున్న గుంట. నాకేటి తెల్సు!" అని మీసంలో నవ్వుకుంటూ లోపలికెళ్లిపోయాడు.

అత్త నావైపు తిరిగింది. "సరే. నీ మాట మీద తోలుకెళ్తన్నాను. ఇది పాలియ్యకపోతే నాను సచ్చీదాకా ప్యాకెట్టు టీయే తాగాల. గుర్తెట్టుకో."

ఆటోలో ముందు మేమిద్దరం, వెనక దూడను పట్టుకుని సూరిబాబు. నేను ఊరుకున్నానా? ఇరుగుకీ పొరుగుకీ ఫోన్లు చేసి "హెచ్ఎఫ్ వస్తోంది, హెచ్ఎఫ్ వస్తోంది" అని చాటింపు వేశాను. చీపురుపల్లి దగ్గర వాన దంచికొట్టింది. వెనకనుంచి కేక.

"ఒసే! నీ దూడ అప్పుడే పాలిచ్చీస్తన్నాదే!"

ఆటో ఆపించి దిగాను. నిజమే, ట్రాలీ అంచు నుంచి తెల్లగా ధార రోడ్డు మీదికి కారుతోంది. తల పైకెత్తాను. నా కళ్లముందే వీపు మీది మచ్చ మెడ మీదికి, మెడ మీదిది కాళ్ల మీదికి జారి, కాళ్ల మీదిది ఆ ధారలో కలిసిపోయింది. మిగిలింది తడిసిన గొడుగులాంటి నల్లదూడ.

"మచ్చలు కావే, సున్నం!" అంటూ సూరిబాబు నవ్వలేక దూడ మెడ పట్టుకుని వేలాడాడు.

ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అంటారు. నా దూడ చేనూ గట్టూ రెండూ మానేసి, కొత్తగా సున్నం వేసిన గోడకు ఒళ్లు రుద్దుకుంది. పెదమావ పాపం ఆ మాటే చెప్పబోయాడు.

ఇంటి ముందు గొడుగులతో జనం. "మచ్చలేవమ్మా?" అన్నారెవరో. నేను నోరు తెరిచేలోపు అత్త అంది: "సీపురుపల్లిలో దిగిపోనాయి."

ఆ నవ్వులకు వాన కూడా ఆగింది. దూడకు అప్పటికప్పుడే 'సున్నాలమ్మ' అని నామకరణం అయిపోయింది. మార్చి తెద్దామంటే, ఎర్రదాన్ని పెదమావ కూతురు అప్పుడే తోలుకుపోయింది.

ఊరి నవ్వులకు ఓర్చుకున్నాను. అత్త మాత్రం కళ్లు మూసుకుని ఆ ప్యాకెట్ టీ గుటకలు మింగుతుంటే ఓర్చుకోలేకపోయాను. పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, "జాతి సంగతి తర్వాత, ముందు కడుపులో నట్టపురుగులు పోవాలి," అని మందు పట్టించాడు. ఇక తవుడు, ఉలవలు, గంజి. తాటిచెట్టెందుకెక్కావంటే దూడగడ్డి కోసమని బొంకాడట ఒకడు. నేను నిజంగానే దూడగడ్డి కోసం ఎక్కని గట్టు లేదు. అత్త దాన్ని "తిండికి తిమ్మరాజు" అని తిడుతూనే ఉండేది. ఒకరోజు చూద్దును కదా, ఆమె అరచేతిలో బెల్లం, దాని మీద సున్నాలమ్మ నాలుక.

"ఏటి సూస్తన్నావు? సెయ్యి జారినాది!"

సున్నాలమ్మ పెరిగింది. ఒళ్లు కడిగిన పలకలా మెరిసింది. చూడి కట్టింది, ఈనింది. జున్నుపాల రోజులు దాటాక అత్త చెంబు పట్టుకుని పాలు పితకడానికి కూర్చుంది. చెంబు నిండింది.

"ఒసే, తపేలా!"

తపేలా నిండింది.

"నిలబడి సూస్తావేటే? బిందె అట్రా!"

మంచినీళ్ల బిందె వాకిట్లోనే బోర్లించి పరిగెత్తాను. మోచేతుల దాకా నురగతో అత్త పకపకా నవ్వుతోంది. ఆ పాలతో టీ తనే కాచి, మొదటి గ్లాసు నా చేతికిచ్చి, "కూకో" అంది. ఆ ఒక్క మాట కోసం మళ్లీ ఊరంతా నవ్వినా ఫరవాలేదనిపించింది.

డాక్టరు చూసి తేల్చాడు: "జెర్సీ కలిసిన నాటావు. హెచ్ఎఫ్ వాసన కూడా లేదు."

"అయితేనేం, బిందె నిండిందా లేదా?" అన్నాను.

ఆ బిందెను చూడ్డానికి పెదమావ గరివిడి నుంచి వచ్చాడు. "ఆ ఎర్రదేటి ఇస్తాదమ్మా! సెంబు నిండితే సాలని మా కూతురు అరసవల్లి దేవుడికి మొక్కుకున్నాది."

ఇప్పుడు ఇంటికెవరొచ్చినా అత్త ఒకటే మాట: "మా కోడలు మచ్చలు సూసి కాదు, ఎముకలు సూసి పట్టీసినాది!" అత్త మాటకు ఎదురుచెప్పడం మా పుట్టింటివాళ్లు నేర్పలేదు. దాంతో పొరుగూళ్ల నుంచి కూడా దూడల్ని తోలుకొచ్చి, "ఇదేటవుతాదో సెప్పమ్మా," అని వాకిట్లో నిలబడుతున్నారు.

అందుకే మీ అందరి ముందూ ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఏ ఆవుదూడ అయినా సరే, తనంతట తానే నోరు తెరిచి "నాది ఫలానా జాతి" అని చెప్పేదాకా నేను నోరు తెరవను.

గేదెదూడల మాట ఈ ప్రతిజ్ఞలో లేదు. గమనించగలరు.