ఓనుకి గారి పుస్తకానికి వేసిన అట్ట

దేవుడి ముందు దీపం పెట్టనిదే నాకు రోజు మొదలవదు. కానీ ఎవరైనా దయ్యాల మాట ఎత్తితే లేచి వంటింట్లోకి వెళ్లిపోయే మనిషిని. అలాంటి నాకే ఇది జరిగింది కాబట్టి, జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

2009లో మేము అమెరికాలో బాతెల్ అనే ఊళ్లో ఉండేవాళ్లం. పక్కింట్లో ఓనుకి గారని ఎనభై దాటిన జపాన్ పెద్దాయన, కూతురు ఎమికోతో ఉండేవారు. టోక్యోలో డిటెక్టివ్ కథలు, దయ్యాల కథలు వేసే మాసపత్రికకు ముప్పై ఏళ్లు సంపాదకులుగా చేశారు. అలాంటి కథల్ని పెద్దలెవరూ సాహిత్యంగా లెక్కచేయని రోజుల్లో, వాటి మీద శ్రద్ధగా విమర్శలు రాశారట. ఆ ఇంట్లో గరాజ్ కూడా పుస్తకాలదే. కారు బయట వానలో తడిసేది.

నేను బడి మొహం చూడలేదు. చిన్నప్పుడు కాలి జబ్బు వల్ల తాతగారే తన పుస్తకాలతో ఇంట్లో చదువు చెప్పారు. అది విన్నాక ఓనుకి గారు తన పుస్తకాలు దులిపి సర్దే పని నాకు అప్పగించారు. సొంత కూతుర్ని కూడా ముట్టుకోనివ్వని పుస్తకాలవి. అంత నమ్మకం ఉంచినందుకు ఆయనకు రోజూ మనసులోనే దణ్ణం పెట్టుకునేదాన్ని.

"ఇన్ని దయ్యాల కథలు అచ్చు వేశారు, మీరు నమ్ముతారా?" అని ఒకసారి అడిగాను.

"నమ్మితే తప్పులు దిద్దలేను కదా, సుగుణ సాన్!" అని నవ్వారు. 'సాన్' అంటే వాళ్ల భాషలో 'గారు'.

అన్నిటిలోకీ ఆయనకు ప్రాణం ఒక పల్చటి పుస్తకం. ఆ ఒక్కటీ రాసి చిన్న వయసులోనే పోయిన రచయిత్రిది. అందరూ మరిచిపోయిన ఆమె కథల్ని మళ్లీ అచ్చు వేయించాలని ఆయన ఏళ్ల తరబడి ఉత్తరాలు రాశారు. చివరికి ఒక ప్రచురణకర్త ఒప్పుకున్న వారమే ఊపిరాడక ఆస్పత్రిలో చేరారు.

ఆ పుస్తకం అంచులు నలిగి ఉన్నాయి. ఆయన ఇంటికి వచ్చేలోగా బాగుచేద్దామని, తాతగారు నేర్పినట్టు కిరాణా సంచి కాగితం కత్తిరించి అట్ట వేశాను. టేపు అంటించి, టేపు మీదా కాగితం మీదా పడేలా అలవాటుగా 'శ్రీరామ' అని రాశాను. అంతకుముందే ఆ పుస్తకం నడుముకు పట్టీలా చుట్టి ఉన్న కాగితం ఒకటి, ఎవరో అమ్మాయి ఫోటో ఉంటే ప్రకటన అనుకుని తీసేశాను. పూజ చేసి వచ్చిన చెయ్యి కదా, దాని మూల నా కుంకుమ వేలిముద్ర పడింది. ఎలాగూ పారేసేదే అని రీసైక్లింగ్ డబ్బాలో వేశాను. మంగళవారం పొద్దున లారీ ఆ డబ్బాను గుమ్మరించుకోవడం నా కళ్లతో చూశాను.

గురువారం ఆస్పత్రికి వెళితే ఆయన ఆత్రంగా అడిగింది ఆ పట్టీ గురించే. దాని మీద ఉన్నది తప్ప ఆ రచయిత్రి ఫోటో లోకంలో ఇంకెక్కడా లేదట. కొత్త పుస్తకంలో వేయడానికి దిక్కు అదొక్కటేనట. పారేసిన సంగతి చెప్పకుండానే లేచాను. ఇంటికి వచ్చి ఖాళీ డబ్బాను బోర్లించి వెతికాను.

"ట్రక్ వెళ్లి టూ డేస్ అయింది సుగుణా! డబ్బాలో తల పెట్టి ఏం వెతుకుతావ్? లోపలికి రా, తడుస్తున్నావ్" అన్నారు మావారు.

మర్నాడు ఆస్పత్రికి వెళ్లి, అట్ట వేస్తూ పట్టీ పారేశానని ఏడుస్తూ ఓనుకి గారికి ఒప్పేసుకున్నాను.

"అట్ట అంటే ఏమిటి? ఎలా వేస్తారు?" అని అడిగారు.

పక్కనున్న కాగితం మడిచి చూపించాను. ఆక్సిజన్ గొట్టం సర్దుకుని మరీ చూశారు.

"మంచి పని. దాన్ని విప్పకండి. మిగతాది నేను చూసుకుంటాను" అన్నారు.

కథ సమయానికి పూర్తికాక ఏడ్చే రచయితలకు ఫోన్‌లో ఆయన చెప్పే మాట కూడా 'మిగతాది నేను చూసుకుంటాను' అనేనని ఎమికో అంది. ఆదివారం ఆయన పోయారు. ఇంటికి రానే లేదు.

వాళ్ల పద్ధతిలో నలభై తొమ్మిదో రోజున ప్రార్థన చేస్తారు. ఆరోజు ఎమికో ఆయన ఫోటో ముందు అగరొత్తులు వెలిగించి, ఆ పుస్తకాన్ని ప్రచురణకర్తకు పంపాలంటూ నా చేతికిచ్చింది. నేను రాసిన 'శ్రీరామ' చెక్కుచెదరలేదు. పంపేముందు అట్ట తీయాలి కదా, టేపు నేనే కత్తిరించాను.

అట్ట కింద, పుస్తకం నడుముకు, పట్టీ ఉంది.

"ఇది పారేశానన్నారుగా?" అంది ఎమికో. మూల మీద కుంకుమ వేలిముద్ర ఆమెకు చూపించాను.

"ఇంకో పట్టీ ఉందేమోలే" అన్నారు మావారు, ఇంటికెళ్లి చెబితే. వేలిముద్ర సంగతి చెప్పాక మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఏడాదికి కొత్త పుస్తకం అచ్చయి వచ్చింది. పట్టీ మీద ఆ రచయిత్రి నవ్వుతోంది. లారీ ఎక్కిన పాత పట్టీ ఎలా తిరిగి వచ్చిందో నాకు ఈనాటికీ తెలియదు. దీపం పెట్టినప్పుడు దేవుడికి చెప్పుకునే కృతజ్ఞతే ఓనుకి గారికీ చెప్పుకుంటాను.

ఆ కొత్త పుస్తకానికి మాత్రం అట్ట వేయలేదు.