ఒక వరస, ఒక నిమిషం

మీరు మా పిన్నిని కలిసి తీరాలి. మొదటి పావుగంట విసుగొస్తుందని ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఆవిడ ఏ సంగతైనా అంకెలతోనే మొదలుపెడుతుంది. ఆ పావుగంట ఓపిక పట్టండి. ఆ తర్వాత ఆవిడ చెప్పేది వింటే మీరే లేవరు.

పిన్నిని ఆఫీసులో అందరూ శాతాలమ్మ అంటారు. ఎదురుగానే అంటారు, ఆవిడా పలుకుతుంది. బాబాయ్ అయితే ఇంకో మెట్టు ఎక్కుతాడు. "మీ పిన్ని నావైపు చూసి నవ్విందంటే ఆ నెల నాకు డెబ్బై దాటినట్టు లెక్క" అంటాడు. పిన్ని తలెత్తకుండా "అరవై ఎనిమిది" అంటుంది.

ఆవిడ పనిచేసేది జైళ్ళని కనిపెట్టి చూసే ఆఫీసులో. మందుల షాపు పైన రెండో అంతస్తు, నాలుగు గదులు, ఎక్కగానే ఎడమవైపు బీరువాలు. జైళ్ళ శాఖకీ ఆ ఆఫీసుకీ ఏ సంబంధం లేదు, ఉండకూడదు కూడా. అక్కడి తనిఖీ అధికారులు ముందుగా కబురు చెయ్యకుండా ఏ జైలుకైనా వెళ్ళొచ్చు, ఏ తలుపైనా తీయించొచ్చు. చూసింది రాసి, ఇది మార్చండి అని సిఫారసు చేస్తారు. ఖైదీలు నేరుగా ఆ ఆఫీసుకి ఉత్తరం రాసుకోవచ్చు, దాన్ని జైల్లో ఎవరూ విప్పకూడదు, ఆపకూడదు.

మరి ఆ ఆఫీసు పని బాగా చేస్తోందో లేదో ఎవరు చూడాలి? అదే పిన్ని పని. ఏడాదికి ఎన్ని సిఫారసులు చేశారు, వాటిలో ఎన్నింటికి జైళ్ళు 'అంగీకరించాం' అని జవాబు రాశాయి, ఎన్ని ఉత్తరాలు ముప్పై రోజుల్లోపు ముగించారు. పద్నాలుగేళ్ళుగా ఆ లెక్క ఆవిడదే. అంగీకరించాం అని వస్తే కంప్యూటర్లో ఆ గడికి ఆకుపచ్చ రంగు వేస్తుంది. నిరుడు ఇరవైమూడు జైళ్ళకి రెండువందల ముప్పై సిఫారసులు వెళితే, రెండువందల పన్నెండు ఆకుపచ్చ. తొంభైరెండు శాతం. ఆ ఒక్క పేజీ రంగు ప్రింటు తీయించి తన టేబుల్ ఎదురుగా గోడకి అంటించుకుంది. మాకు ఫోటో కూడా పంపింది. బాబాయ్ దాన్ని పెళ్ళి ఫోటో పక్కన పెడతానంటే, పెట్టమనే చెప్పింది.

ఈ ఏడాది ఆ అంకెకి ఎప్పుడూ లేనంత బరువొచ్చింది. ఆఫీసు గడువు ముగుస్తోంది. ఇంకో ఐదేళ్ళు పొడిగించాలా, లేక తీసుకెళ్ళి జైళ్ళ శాఖలోనే కలిపేయాలా అని ఒక కమిటీ కూర్చుంది. కలిపేస్తే కనిపెట్టి చూసేవాళ్ళు వెళ్ళి, ఎవరిని కనిపెడుతున్నారో వాళ్ళ కిందే పనిచెయ్యాలి. కమిటీ అడిగింది ఒకటే, మీ పనితీరు ఎంత శాతం అని. డెబ్బైఐదు దాటితే చాలన్నారు. డైరెక్టరుగారు రిటైరైన జడ్జి, ఎవరినీ గట్టిగా పలకరించని మనిషి. ఆయన పిన్ని టేబుల్ దగ్గరకి వచ్చి గోడమీది పేజీ చూసి, "నువ్వుండగా నాకు దిగుల్లేదమ్మా" అన్నారట. పిన్ని ఆ మాట మాకు మూడుసార్లు చెప్పింది.

ఇంతకీ ఆవిడ పద్నాలుగేళ్ళలో ఒక్క జైలు కూడా చూడలేదు. చూడాల్సిన అవసరం రాలేదు. కాగితాలు ఆవిడ దగ్గరకే వచ్చేవి.

అలాంటిది, ఒక తనిఖీ అధికారికి హెర్నియా ఆపరేషన్ అయింది. తనిఖీకి ఇద్దరు వెళ్ళాలని రూలు. మిగతావాళ్ళంతా ఊళ్ళు తిరుగుతున్నారు. సరే, మహిళల జైలే కదా, నేనొస్తానని పిన్ని బయల్దేరింది. హ్యాండ్‌బ్యాగు, ఫోను గేటు దగ్గర ఇచ్చేసింది. చేతి గడియారం, పెన్ను, రాసుకునే అట్ట మాత్రం ఉంచుకుంది. లోపల ఏం చెయ్యాలో తెలీక, తనకి బాగా తెలిసిన సిఫారసు ఒకటి తలుచుకుందట. ప్రతి గదిలో అత్యవసర బెల్లు పనిచెయ్యాలి. గోడమీద బటన్ నొక్కితే కాపలా గదిలో మోగాలి, మనిషి రావాలి. ఆ వాక్యం ఆవిడకి కంఠస్థం. దానికి ఎన్నోసార్లు ఆకుపచ్చ వేసింది.

పద్నాలుగో గదిలో బటన్ నొక్కింది. గడియారం చూస్తూ నిలబడింది. ఒక నిమిషం. రెండు. నాలుగు.

ఆ గదిలో ఉన్నావిడ ప్లాస్టిక్ సూదితో ఏదో అల్లుకుంటోంది. నలభై ఏళ్ళుంటాయి. తల ఎత్తకుండానే చెప్పింది.

"అది మోగదమ్మా. మేం వచ్చినప్పట్నించీ మోగలేదు."

"మరి ఏదన్నా అయితే?"

"పళ్ళెం కొడతాం. పక్క గదికి వినబడుతుంది, వాళ్ళు వాళ్ళ పళ్ళెం కొడతారు, అలా చివరిదాకా పోవాలి. కాపలా ఆవిడ ఆ చివర కూర్చుంటుంది. ఆవిడ వింటే మన అదృష్టం."

ఎంతసేపు పడుతుంది అని పిన్ని అడిగింది. అలవాటు, అంకె లేకపోతే ఆవిడకి సంగతి అర్థంకాదు. అల్లికావిడ మంచం కింది నుంచి ఒక పొడుగాటి అల్లిక తీసి మోకాళ్ళమీద పరిచింది. చూడ్డానికి మఫ్లర్‌లా ఉంది. వెడల్పు నాలుగు వేళ్ళే, పొడవు మాత్రం ఆ మంచమంత. రంగురంగుల పట్టీలు, ఒకటి వేలంత, ఒకటి జానెడు. ఏదో తోచక అల్లుకుందనుకుంది పిన్ని.

కాదు. జైల్లో కుట్టుపని చేసే హాల్లో గోడ గడియారం ఉంది, గదుల్లో లేదు. ఈవిడ ఆ హాల్లో కూర్చుని గడియారం చూస్తూ తన చేతి వేగాన్ని సరిచూసుకుంది. ఒక వరస అల్లడానికి ఒక నిమిషం. ఆ తర్వాత ఏ గదిలోనైనా మొదటి పళ్ళెం మోగగానే అల్లడం మొదలుపెడుతుంది. వరండాలో కాపలా ఆవిడ బూట్ల చప్పుడు వినబడగానే ఆపి దారం తెంపేస్తుంది. ఇంకోసారి పళ్ళెం మోగితే ఇంకో రంగు. రెండేళ్ళలో ముప్పైఒక్క పట్టీలు.

పిన్ని నమ్మలేదు. ఒకరి లెక్కని ఒట్టి మాటమీద నమ్మే మనిషి కాదు. నా ఎదురుగా అల్లు అంది. తను గడియారం పట్టుకుంది. ఆవిడ మాట్లాడకుండా ఐదు వరసలు అల్లింది. ఐదు నిమిషాల నాలుగు సెకన్లు.

"మా ఆఫీసులో కూడా ఇంత కచ్చితంగా ఎవరూ చెయ్యరు" అని పిన్ని నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది, ఎందుకంటే అప్పుడే ఆవిడ కళ్ళు ఎర్ర పట్టీమీద పడ్డాయి. మిగతావాటికన్నా చాలా పొడుగు. మోచేతి నుంచి వేళ్ళ దాకా ఉంది. వరసలు లెక్కపెట్టింది. నలభైఏడు.

"ఇది?"

"తొమ్మిదో గది పెద్దమ్మ. ఆయాసం మనిషి. మధ్యాహ్నం కాపలా మారే టైములో ఆయాసం ముదిరింది. పాత ఆవిడ దిగిపోయింది, కొత్తావిడ సంతకాల దగ్గరుంది. అన్ని గదులవాళ్ళం పళ్ళేలు కొడుతూనే ఉన్నాం." ఆవిడ పట్టీని వేలితో నిమిరింది. "ఎవరూ రాకపోతే నేను అల్లుతూనే పోవాలి కదమ్మా. ఆగానంటే వచ్చారని అర్థం. ఆగాలనే ఉంది. ఎవరూ రాలేదు."

వచ్చేసరికి పెద్దమ్మ పోయింది.

ఇంకా అయిపోలేదు. అల్లికావిడ మామూలుగా, నిష్ఠూరం కూడా లేకుండా అంది. "పెద్దమ్మ మీకు మూడు ఉత్తరాలు రాసింది, ఈ బెల్లు గురించే. మూడోదానికి మీ దగ్గర్నుంచి జవాబొచ్చింది. బాగుచేస్తామని జైలువాళ్ళు ఒప్పుకున్నారు, ఫిర్యాదు ముగిసింది అని. ఆ కాగితం అందరికీ చదివి వినిపించింది. చాలా సంబరపడింది."

ఆ ముగింపు వాక్యం ఎవరు రాస్తారో పిన్నికి తెలుసు.

వచ్చేటప్పుడు ఆ అల్లిక ఇవ్వమని అడిగింది. గేటు దగ్గర పెద్ద గొడవ. ఖైదీల వస్తువులు బయటికి పోకూడదని అధికారి అడ్డుపడింది. ఇది వస్తువు కాదు, మా ఆఫీసుకి రాసిన ఫిర్యాదు, దీన్ని ఆపడానికి మీకు హక్కు లేదు అని పిన్ని అంది. ఫిర్యాదంటే కాగితం కదా మేడమ్ అంది ఆ అధికారి. రూలు తీసి చూపించండి, కాగితం అన్న మాట ఎక్కడుందో అంది పిన్ని. లేదు. పద్నాలుగేళ్ళుగా ఆ రూలు టైపు చేస్తున్న మనిషి ఆవిడ. ఆఫీసుకెళ్ళి దాన్ని మడతపెట్టి, ఉత్తరాల రిజిస్టరులో నంబరు వేసి, అందినట్టు ముద్ర కొట్టిన చీటీ పిన్నుతో గుచ్చింది. తర్వాత బీరువా తెరిచి పెద్దమ్మ ఫైలు తీసింది.

నీలం సిరాతో, తన చేతిరాతతో ఉంది. సిఫారసు అంగీకరించబడింది, ఫిర్యాదు ముగిసింది. పదకొండో తారీఖు. ముప్పై రోజుల గడువుకి ఆరు రోజులు ముందే. పక్కన ఆకుపచ్చ టిక్కు. పెద్దమ్మ పోయింది అదే నెల పంతొమ్మిదిన. 'వెంటనే వైద్యసాయం అందించాం' అని జైలు నివేదిక.

ఆ సాయంత్రం బాబాయ్ తలుపు తీస్తే, చెప్పులు విప్పకుండా కుర్చీలో కూర్చుని, "చచ్చిపోయిన మనిషికి నేను మార్కులేసుకున్నాను" అందట. బాబాయ్ ఆరోజు ఏ జోకూ వెయ్యలేదు.

మర్నాటి నుంచి పాత ఫైళ్ళ మీద పడింది. పద్ధతి చాలా సులువు, అదే ఆవిణ్ణి ఎక్కువ బాధపెట్టింది. ఒక సిఫారసుకి జైలు అంగీకరించాం అని రాసి, మళ్ళీ ఏడాది అదే సిఫారసు అదే జైలుకి వెళ్ళిందంటే, ఆ పని జరగలేదన్నమాట. పదో తరగతి పిల్లకి కూడా తట్టే సంగతి. ఆ బెల్లు వాక్యం వరసగా ఆరేళ్ళు వెళ్ళింది, కామా కూడా మారకుండా. ఆరేళ్ళూ అంగీకరించారు. ఆరేళ్ళూ ఆకుపచ్చ. ఇలాంటివి రెండువందల పన్నెండులో నూట ఇరవైతొమ్మిది తేలాయి. తీసేస్తే మిగిలినవి ఎనభైమూడు. ముప్పైఆరు శాతం.

ఆ కాగితమూ అల్లికా తీసుకుని డైరెక్టరుగారి గదిలోకి వెళ్ళింది. ఆయన ఎర్ర పట్టీ వరసలు తనే లెక్కపెట్టారు. కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. ఆయన చెడ్డవారు కాదు, ఈ మాట పిన్ని గట్టిగా చెబుతుంది.

"ముప్పైఆరు పంపితే మనల్ని మూసేస్తారమ్మా" అన్నారు. "రేపు ఇంకో జైల్లో ఇంకో పెద్దమ్మ ఉత్తరం రాస్తుంది. అది విప్పేది జైళ్ళ శాఖవాళ్ళే. ఈ ఏడాదికి తొంభైరెండే పంపుదాం. ఐదేళ్ళు చేతిలో ఉంటాయి. అన్ని బెల్లులూ మనమే నొక్కి చూద్దాం."

"నేను ఇన్నాళ్ళూ అదే చేశాను కదండీ. ఆకుపచ్చ వేసి వచ్చే ఏడాదికి వదిలేశాను."

"అది తెలీక చేశావు. ఇది తెలిసి చేద్దామంటున్నాను. దేనికోసమో నీకూ తెలుసు." ఆయన కాగితం ఆవిడ వైపు జరిపారు. "రూలు ప్రకారం సంతకం నీదే. నేను నిన్ను ఆపను. పంపాక మాత్రం వెనక్కి తీసుకోలేం."

నేను ఇక్కడ పిన్నిని ఆపి అడిగాను, ఆయన చెప్పింది తప్పని అనిపించిందా అని. లేదు, ఒప్పే అనిపించింది అంది. అందుకే నాలుగు రోజులు పట్టింది అంది.

ఐదో రోజు ముప్పైఆరు వేసి సంతకం పెట్టింది. కింద కొత్త గడి ఒకటి గీసింది. బెల్లు నొక్కాక మనిషి రావడానికి పట్టిన నిమిషాలు. అల్లిక ఫోటో జతచేసి, ముప్పైఒక్క అంకెలూ వరసగా వేసింది.

కమిటీ ఆ ఫోటో చూసింది. పన్నెండు రోజుల్లో మహిళల జైల్లో ప్రతి గదికీ కొత్త బెల్లు వచ్చింది. అదే కమిటీ ఆఫీసుకి ఐదేళ్ళు కాదు, ఒక్క ఏడాదే ఇచ్చింది. తనిఖీ అధికారుల్లో సగంమందిని తీసేసింది. పనితీరు మెరుగుపడేదాకా వారం ముందు కబురు చేసి వెళ్ళాలని షరతు పెట్టింది. వారం ముందు తెలిస్తే ఏ జైల్లోనైనా ఏ బెల్లైనా మోగుతుంది. మిగతా ఇరవైరెండు జైళ్ళ సంగతి ఇప్పుడు ఎవరికీ తెలీదు. ఉద్యోగం పోయిన తనిఖీ అధికారుల్లో ఒకాయన మందుల షాపు దగ్గర పిన్ని ఎదురుపడితే పక్కకి చూసుకుని వెళ్ళిపోతాడు. డైరెక్టరుగారు ఇప్పటికీ అమ్మా అనే పిలుస్తారు, కానీ టేబుల్ దగ్గరకి రావడం మానేశారు. గోడమీది పేజీ పిన్ని తనే తీసేసింది.

పోయిన నెల ఒక కవరు వచ్చింది. లోపల చిన్న అల్లిక, అరచెయ్యంత. నాలుగు రంగులు. రెండు వరసలు, మూడు వరసలు, రెండు, రెండు. పిన్ని దాన్ని నా చేతిలో పెట్టి, "ఇది ఒక్క జైలే. మిగతావాటికి ఎవరు అల్లుతున్నారే?" అని అడిగింది. అప్పట్నుంచీ కనబడినవాళ్ళందర్నీ అడుగుతున్నాను, మిమ్మల్నీ అడుగుతున్నాను. ఆ కాగితం మీ ముందుండి, పెన్ను మీ చేతిలో ఉంటే, మీరు ఏ అంకె వేసేవాళ్ళు?