మత్తిగిరి గులాబీలు, కృష్ణగిరి కోట: ఇద్దరం వెళ్ళాల్సిన దారి

ఈ ప్రయాణం నా ఆలోచన కాదు. నా భార్య సుగుణ పుట్టి పెరిగింది హోసూరు పక్కనున్న మత్తిగిరిలో. గల్ఫులో నర్సు. ఈసారి సెలవుకు వచ్చినప్పుడు తన ఊరూ, కృష్ణగిరి కోటా దగ్గరుండి చూపిస్తానంటే నేనూ ఆఫీసులో సెలవు పెట్టేశాను. ఈలోగా అక్కడ యుద్ధం వచ్చిపడింది. మొదట కొట్టుకున్నవి రెండే దేశాలు. ఒకదానికి ఓ పెద్ద దేశం ఆయుధాలిచ్చింది. దానికి పడని మరో పెద్ద దేశం రెండోదాని వెనక చేరింది. సుగుణ ఉన్న దేశం మాకీ గొడవతో సంబంధం లేదంటూనే యుద్ధవిమానాలు దిగడానికి చోటిచ్చింది. ఆ చోటు మీద బాంబు పడగానే అదీ యుద్ధంలోకి దిగింది, విమానాశ్రయం మూసేశారు. సెలవు పాడుచేసుకోవద్దని, నన్నయినా వెళ్ళి రమ్మని సుగుణ ఫోనులో చెప్పింది.

బెంగళూరులో పొద్దున్నే బస్సెక్కితే గంటన్నరలో హోసూరు. బస్టాండు దగ్గర ఇడ్లీ తిని, నూటయాభైకి ఆటో మాట్లాడుకుని మత్తిగిరి దాటాను. సుగుణకు పెదనాన్న వరసయ్యే మునిరాజప్పకు అక్కడ గులాబీల షెడ్డుంది. లోపల వరసల నిండా విచ్చుకున్న పూలే. ఎంత బాగున్నాయో అనేశాను. అనకుండా ఉండాల్సింది.

"ఈ షెడ్లో పువ్వు విచ్చేది మేము చూసిందే లేదప్పా," అన్నాడాయన. "మొగ్గలోనే కోసి గల్ఫు విమానానికి పంపిస్తా ఉంటిమి. ఇప్పుడు పంపేది యాడికి?"

దండలకు అమ్మితే కోత కూలి కూడా రావడం లేదట. ఇంకో నెల చూసి మొక్కలు పీకేస్తానన్నాడు. సుగుణ ఎప్పుడొస్తుందని అడిగాడు. విమానాలు తిరగగానే అని గట్టిగానే చెప్పాను. వెళ్ళేటప్పుడు ఓ కట్ట పూలు చేతిలో పెట్టాడు.

హోసూరు నుంచి కృష్ణగిరికి బస్సులకు కొదవ లేదు, గంట ప్రయాణం. పూలు పక్క సీట్లో పెట్టుకున్నాను. దారిలో శూలగిరిలో ఎక్కినాయన వాటిని ఒళ్ళో పెట్టుకోమన్నాడు.

కోట మెట్లు నిటారుగా ఉన్నాయి, ఎక్కేసరికి మోకాళ్ళు పట్టేశాయి. పద్దెనిమిదో శతాబ్దంలో ఎక్కడో పగబట్టుకున్న ఇంగ్లీషువాళ్ళ, ఫ్రెంచివాళ్ళ తగాదా సముద్రాలు దాటి మైసూరును, నిజామును, మరాఠాలను లాక్కుని ఈ కొండ దాకా వచ్చింది. పైన ఒక్కడినే కూర్చుని సుగుణకు ఫోను చేశాను. ఏ రోజు విమానం దొరికినా ఎక్కేయమని చెబుదామనుకున్నాను.

"విమానాలు తిరిగినా ఇప్పుడు రాను," అంది. "వార్డు నిండిపోయింది. పొయ్యే నర్సులు విమానాలు ఆగకముందే పోయినారు, ఉండేది మేము నలుగురమే. నన్ను రమ్మనద్దు."

సరేనన్నాను. చాలా కోపం వచ్చింది.

తామే యుద్ధంలోకి దిగామని ఏ దేశమూ ఒప్పుకోదు, అవతలివాళ్ళు లాగారనే అంటుంది. సుగుణను ఎవరూ లాగలేదు, తనే ఉండిపోయింది. రేపెప్పుడైనా దానికి గర్వపడతానేమో. ఆ కొండ మీద మాత్రం భయమూ, ఒంటరితనమూ తప్ప ఇంకేమీ లేవు.

వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. కోట పైన సిగ్నల్ బాగుంటుంది. మాట్లాడాల్సిందంతా అక్కడే మాట్లాడేసి ఫోను జేబులో పెట్టుకోండి. దిగడానికి రెండు చేతులూ కావాలి, కళ్ళు తుడుచుకుంటూ దిగే మెట్లు కావు అవి.