కప్పతల్లికి పోసిన నీళ్లు

ఎండాకాలమంతా కప్ప ఎక్కడుంటుందని క్లాసులో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. మట్టిలోకి దిగి, వాన పడేదాకా పడుకుంటుందని చెబుతాను. పిల్లలు నమ్మరు. నమ్మకపోయినా పరీక్షలో అదే రాసి మార్కులు కొట్టేస్తారు. మహబూబ్‌నగర్‌లో జంతుశాస్త్రం చెప్పే నాకు ఆ నిద్రే పరిశోధన. అన్ని నెలల నిద్రలో కప్ప ఒంట్లోంచి ఎంత నీరు పోతుందో తేల్చాలని నా పట్టుదల.

నా దగ్గర పీహెచ్‌డీ చేసే అమ్మాయికి అది ఆఖరి ఏడాది. "ఈయేడుతోని అయిపోతదని బాపుకు మాటిచ్చిన సార్," అంటుండేది. వాళ్ల నాయిన గొర్లు కాసే మనిషి. బిడ్డ ఎప్పుడు డాక్టరమ్మ అవుతుందా అని ఎదురుచూస్తున్నాడు.

జడ్చర్ల అవతల ఒక కుంట పక్కన, వానలు తగ్గే రోజుల్లో, మేమిద్దరం కప్పల్ని పట్టి తూచి వదిలాం. ఏది ఎక్కడ దిగబడితే అక్కడ పుల్ల గుచ్చి ఎర్రగుడ్డ కట్టాం. వచ్చే వానకు ముందు తవ్వి మళ్లీ తూచాలి. కప్ప నీళ్లు నోటితో తాగదు, తోలుతో పీల్చుకుంటుంది. అందుకే తూచకముందు చెంబెడు నీళ్లు పడ్డా మా కష్టం బూడిదే.

ఆ ఏడు మృగశిర ఎండలోనే పోయింది. ఊరంతా మొగులు వంక చూస్తుంటే, ఇంకొన్నాళ్లు ఆగితే మాకు మంచిదని మేం లోలోపల అనుకున్నాం. ఒకరోజు మధ్యాహ్నం ఊరికే చూసి వద్దామని వెళ్లాం. ఎర్రగుడ్డ కట్టిన ప్రతిచోటా గుంతే. ఊళ్లోంచి డప్పు వినబడుతోంది.

కప్పతల్లి ఆట! వానలు రాకుంటే రోకలికి వేపమండలు చుట్టి, గుడ్డలో కప్పను కట్టి, ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి ఇంటివాళ్లూ దాని మీద నీళ్లు పోయాలి. నాకు ఒళ్లు మండిపోయింది. ఊళ్లోకి పోయి, రోకలి పట్టుకుని బయల్దేరబోతున్న ముసలమ్మకు అడ్డం నిలబడ్డాను.

"నా కప్పల్ని ఎందుకు తీసిండ్రవ్వా?"

"గీ ఎండల కప్ప యాడ దొర్కుతది సారూ? దేవుని లెక్క నువ్వే జెండాలు పాతినవ్. వాడకొకటి తీస్కపోయిండ్రు. మాది గిప్పుడే మొదలు. జర నువ్వే ముందుగాల నీళ్లు పొయ్యి."

ఆమె ముఖంలో నిజంగా కృతజ్ఞత ఉంది. అది చూసి నాకు ఇంకా కోపం వచ్చింది. నా జెండాలు, నా తెలివి!

నీళ్లు పడని కప్ప అదొక్కటే మిగిలింది. అమ్మాయి గుడ్డ విప్పి చూసింది. "తూచొచ్చు సార్, బండి మీద తీస్కపోదాం," అంది. త్రాసు కాలేజీలోనే ఉండిపోయింది. అంత దూరం ఆ ఎండలో పోతే కప్ప చచ్చినా చస్తుంది, బతికినా ఆ ఎండిన బరువు ఎందుకూ పనికిరాదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. కప్ప తోలు అప్పటికే ముడతలు పడుతోంది.

చెంబు అందుకుని పోశాను. కప్ప కళ్లు తెరిచింది. ఆడవాళ్లంతా సంబరంగా పాట ఎత్తుకున్నారు.

వాన రాలేదు. తిరుగుదారిలో అమ్మాయి బండి వెనక నుంచి మెల్లగా అడిగింది.

"ఇంకో ఏడు పడతదని మా బాపుకు మీరు చెప్తరా సార్?"